ఖబర్ల పలక

ఐలేశం భుజం మీది జొన్నల మూట దించి గడపల పెట్టిండో లేదో, పుష్పమ్మ దాన్ని రెండు చేతులతోని అవుతలికి నూకింది.

"తీస్కపో. నా మొగన్ని పట్టిచ్చిన ఇంటి గింజలు నాకొద్దు."

ఏడో నెల మనిషి. మూట నూకేసరికే ఆయాసమొచ్చి గోడకు ఒరిగింది. ఐలేశం ఆమెకు తోడబుట్టిన అన్న. తిరుమలగిరి నుంచి నల్లగొండ దాక రెండు దినాలు బండి తోలుకొని వచ్చిండు. ఇంక కాళ్లు గూడ కడుక్కోలే. లోపటికి రమ్మంటరేమోనని గడప అవుతల్నే నిలబడి చూసిండు. ఎవ్వరు రమ్మనలే.

"నా పిల్లల మీద ఒట్టు చెల్లె, నేను ఎవ్వరికి చెప్పలే," అన్నడు.

"మల్ల ఎవరు చెప్పిన్రు? బుధారం కోడి గూసేటాల్లకు జీపు సక్కగ మీ ఇంటికే వచ్చింది. ఊరంత తిరగలే, ఎవ్వర్ని అడగలే. సైదులేడీ అనుకుంట మీ కొట్టంల జొర్రిన్రు. ఆయన ఆడున్నడని నీకెరుక, నీ పెండ్లానికి ఎరుక, నాకెరుక. నేను చెప్పిన్నా?"

 జీపు వచ్చిన ముందటి పొద్దే ఐలేశం సైదులుతోని పెద్ద లొల్లి పెట్టుకున్నడు. నీ తిరుగుడు తిరిగి నా కొంప మీదికి తేవద్దు, తెల్లారంగనే లేసి పొమ్మన్నడు. ఆ మాట వాడకట్టంత ఇన్నది. తెల్లారింది, జీపు వచ్చింది. ఇగ ఎవ్వరికైన ఏమనిపిస్తది?

అరుగు మీద కూసున్న యాదగిరి దిక్కు మళ్లిండు ఐలేశం. యాదగిరి సైదులుకు పెద్దన్న. తల్లిదండ్రి పోయినంక ఈ ఇంటికి ఆయనే పెద్ద దిక్కు.

"బావా, నువ్వన్న చెప్పు. సదువుకున్నోనివి. నీ మాటయితె ఇంటది."

యాదగిరి నోరు తెరిచిండు. నేల దిక్కు చూసుకుంట, "కోపంల ఉన్నది ఐలేశం. నాలుగొద్దులు పోనీ," అన్నడు.

"నాలుగొద్దులు కాదు, నాలుగేండ్లు పోయినా అంతే," అన్నది పుష్పమ్మ. "నాకు అన్న లేడు. పుట్టినిల్లు లేదు. కాన్పు ఈన్నే అయితది, సచ్చినా బతికినా."

నలభై ఏండ్ల మొగోడు ఏడిస్తే చూడబుద్ధి గాదు. ఐలేశం రుమాలతోని కండ్లు ఒత్తుకొని, మూట మల్ల భుజాన ఏసుకొని, బండెక్కిండు. బండి మూల తిరిగేదాక యాదగిరి అరుగు మీదకెల్లి లేవలే.

ఎందుకంటె చెప్పింది ఐలేశం కాదు. సైదులు ఏడున్నడో మిలిటరీ క్యాంపోళ్లకు చెప్పింది యాదగిరి. అది గూడ చాటుమాటుగ కాదు. తెల్లటి సుద్దతోని, గుండ్రటి అచ్చరాలతోని, పదిమంది సదివేటట్టు రాసి చెప్పిండు.

*

నల్లగొండ ఊరి అంచుకు మూతబడ్డ పత్తి జిన్నింగు మిల్లు ఒకటున్నది. తొమ్మిదేండ్ల కింద కృష్ణయ్య సారు దాన్ని అడుక్కొని తీసుకొని సైన్సు మ్యూజియం పెట్టిండు. ఆ మాట ఎవ్వరికి నోరు తిరగక, అందరు అజాయబ్‌ఖాన అన్నరు. సీసాల్ల పాములు, మట్టితోని చేసిన గుండెకాయ, ఊపిరితిత్తులు, ఇనుప తీగెకు ఏలాడే సూర్యుడు, చంద్రుడు, చుట్టు తిరిగే భూమి. చెయ్యి పెడితె నెత్తి ఎంట్రుకలు లేసి నిలబడే చక్రం. సారు ఈటితోనే బతికిండు, పెండ్లి గూడ చేసుకోలే.

యాదగిరి అండ్ల గుమాస్త. సైదులు అటెండరు. సైదులు పనల్లా దీపంబొమ్మల పెట్టె నెత్తిన పెట్టుకొని ఊర్లు తిరుగుడు. తెల్లబట్ట కట్టి, పెట్టెల దీపం ముట్టిచ్చి, నారికురుపు ఎట్ల వస్తదో బొమ్మల్ల చూపిస్తడు. దిగుడుబావి నీళ్లల్ల పురుగుంటది, బట్టతోని వడగట్టుకొని తాగున్రి అని చెప్తడు. కాళ్లకెల్లి నారి ఎల్లి మంచాల పడ్డోళ్లే ఊరికి పదిమంది ఉండంగ, ఆ బొమ్మలు చూసెతందుకు జనం ఎగబడేది.

ఇగ పలక. మిల్లు గేటుకు నల్లరంగేసిన పెద్ద చెక్కపలక ఒకటి కొట్టిచ్చిండు సారు. సోమారం సోమారం అంగడి. అంగడికొచ్చే బండ్లన్ని ఆ గేటు ముంగటికెల్లే పోవాలె. భూమి గుండ్రంగ ఉన్నదని రాస్తె ఎవడూ ఆగడని సారుకు ఎరుకే. గందుకే మొదట పనోళ్ల ముచ్చట రాయమన్నడు, ఎన్క మ్యూజియం ముచ్చట. ఊడ్చే సోమమ్మ బిడ్డకు కొడుకు పుట్టిండు. సారుకు కండ్లు కనిపిస్తలేవు, అద్దాలు తెప్పిచ్చుకున్నడు. దేవరకొండ దిక్కు నుంచి ఇరవై మంది వచ్చి పాముల సీసాలు చూసిపోయిన్రు. బేస్తారం ఆడోళ్లకు మాత్రమే. ఫలాన ఊర్ల దీపంబొమ్మలు.

జనానికి ఇది మస్తు నచ్చింది. కచేరిల అంత ఉర్దూల నడిచే రోజుల్ల, తెలుగుల ఖబర్లు గేటు మీద దొరుకుడు మామూలు ముచ్చట కాదు. సదువొచ్చినోడు గట్టిగ సదివేది, రానోళ్లు ఇని ఊర్లల్ల చెప్పేది. సోమారం రాసింది బుధారం కల్ల దేవరకొండ గుట్టల దాక పోయేది. సారు పెట్టిన షరతు ఒక్కటే. పలక మీద అబద్ధం ఎక్కొద్దు. రజాకార్ల కాలంల గూడ ఎక్కలే. సైన్సు ఇంటి గోడ మీద అబద్ధం ఉంటె ఇగ లోపలున్నది ఎవడు నమ్ముతడు అనేది సారు.

రజాకార్లు పోయి, యూనియన్ మిలిటరీ వచ్చి నాలుగు నెలలయింది. బతికిపోయినం అనుకున్నరు జనం. అనుకున్నంత సేపు పట్టలే, ఊరవుతల క్యాంపు పడ్డది. గుట్టల్ల దాక్కున్న కమ్యూనిస్టు దళమోళ్ల కోసం ఎతుకులాట మొదలయింది. ఆ దళంల లింగస్వామి అనేటోడు తొడల తూట దిగి పడున్నడు. బొమ్మల ఆట అయినప్పుడల్లా జనంల ఒకడు వచ్చి సైదులు చేతికెల్లి టింక్చరు, పట్టీలు ఆయనకు తీసుకపోయేది. ఇది అప్పట్ల యాదగిరికి గూడ తెల్వది. క్యాంపుల ఎవడో దెబ్బలకు ఓర్వలేక దీపంబొమ్మలోడు అన్నడు. అప్పటికే సైదులు ఊరు ఇడిసిండు, ఏడ దొరుకుతడా అని కండ్లల్ల ఒత్తులేసుకొని చూస్తున్నరు.

పోయేముందు సైదులు నాలుగు దినాలు సెలవడిగిండు, పెండ్లాన్ని చూసొస్త అని. యాదగిరి అలవాటుగ సోమారం పొద్దున పలక కడిగి, అటెండరు సైదులు తిరుమలగిరిల అత్తగారింటికి పోయిండని రాసిండు. తొమ్మిదేండ్ల సంది రాస్తున్న చెయ్యి. ఆలోచన చెయ్యలే. బుధారం తెల్లారి తమ్ముణ్ణి గుంజుకపోయిన్రు. యాదగిరికి సంగతి సమజయింది శుక్కురారం, అన్నతోని కొట్లాడి పుష్పమ్మ అత్తగారింటికి వచ్చిన దినం, మిల్లు ముంగట్నుంచి సైకిలు మీద పోయే జవాను పలక ముంగట ఆగి కాయితం మీద ఎక్కిచ్చుకునుడు చూసినప్పుడు.

*

"చెప్త," అన్నడు యాదగిరి, ఐలేశం బండి పోయినంక పెరట్లకు పోయి.

కౌసల్య గిన్నెలు తోముతుంది. ఆయన పెండ్లాం ఆమె. ఈ సంగతి ఆమె ఒక్కదానికే చెప్పుకున్నడు. కౌసల్య చెయ్యి ఆపలే, తలెత్తలే.

"ఏం చెప్తవు?"

"నేనే రాసిన అని. పాపం, ఆ ఐలేశం..."

"చెప్పు. చెప్తె ఇప్పుడే మూట కట్టుకొని ఎల్లిపోతది. యాడికి పోతది? అన్న ఇల్లు వద్దన్నది, బావ ఇల్లు గూడ వద్దంటది. ఏడు నెలల కడుపు ఏసుకొని రోడ్డు మీద కూసుంటది. నీ మనసు తేలిక చేసుకుంటందుకు ఆమెను బజార్ల పెడ్తవా?"

"మల్ల ఐలేశం ఏం పాపం చేసిండు?"

"ఐలేశం మొగోడు, ఓర్చుకుంటడు. పిల్ల పుట్టినంక చెప్పు. సైదులు వచ్చినంక చెప్పు. వస్తె."

ఆ ఆఖరి మాట నోరు జారి వచ్చింది. లోపట పుష్పమ్మ దగ్గు ఇనబడ్డది. కౌసల్య బూడిద చేతులతోనే కండ్లు తుడుచుకున్నది. యాదగిరికి పెండ్లాం మీద కోపమొచ్చింది, ఆమె చెప్పింది నిజమైనందుకు. అంతకంటె ఎక్కువ తన మీద తనకు అసయ్యమేసింది, ఆ నిజం చాటుకు దాక్కుంటున్నందుకు.

అగో, సరిగ్గ అప్పుడే ఇంటి ముంగట సైకిలు బెల్లు మోగింది. అజాయబ్‌ఖాన గుమాస్తను క్యాంపుకు రమ్మన్నరు.

*

క్యాంపు దొర యాదగిరిని కొట్టలే, తిట్టలే. కుర్చీ ఏపిచ్చిండు. చాయ తెప్పిచ్చిండు. హిందూస్తానీల మాట్లాడిండు, ఉర్దూ సదువుకున్న యాదగిరికి అన్ని సమజయినయి. ముందుగాల నీ అచ్చరాలు బాగుంటయని చెప్తరు మా జవాన్లు అన్నడు. ఎనిమిది సోమారాల పలక రాతలు, తారీకులతోని ఎక్కిచ్చుకున్న కాయితాలు మేజ మీద పరిచిండు. సోమమ్మ మనవడు, సారు అద్దాలు, అన్ని ఉన్నయి అండ్ల.

"యాభై మందిని అడిగిన నేను," అన్నడు దొర. "ఒక్కడు నిజం చెప్పలే. ఈ జిల్లాల నిజం చెప్పేది మీ పలక ఒక్కటే."

యాదగిరి చాయ ముట్టలే. తమ్ముణ్ణి ఒక్కపారి చూడనియ్యమని అడిగిండు. కిటికీకెల్లి చూడమన్నరు. సైదులు గోడకు ఆనుకొని, కాళ్లు సాపుకొని కూసున్నడు. పాదాలు రెండు ఉబ్బి చెప్పులు పట్టేటట్టు లెవ్వు. పట్టపగలు, కూసున్నోడు కూసున్నట్టే నిద్రపోతున్నడు. పిలవాలనుకొని గూడ పిలవలే యాదగిరి. లేస్తె ఏమని మొఖం చూపియ్యాలె?

మల్ల లోపటికి పిలిచి దొర అసలు సంగతి చెప్పిండు. సోమారం పొద్దున సైదులును ఇడిసిపెడ్త. డ్యూటీల చేరుతడు. నువ్వు పలక మీద అదే రాయి, సైదులు వచ్చిండు, బేస్తారం దేవరకొండ తోవల గుట్ట కింది గూడెంల దీపంబొమ్మలున్నయి అని. బొమ్మలు నిజంగనే ఆడిస్తం. సైదులు కాడికి మందు కోసం లింగస్వామి మనిషి వస్తడు, మిగిలింది మేం చూసుకుంటం. అబద్ధం రాయమంటలేను అన్నడు నవ్వుకుంట.

"రాయకపోతె?" అని అడిగిండు యాదగిరి.

మంగళారం నీ తమ్ముణ్ణి గుట్టల్లకు తీసుకపోతం, లింగస్వామి జాగ చూపిచ్చెతందుకు అన్నడు దొర, చాయ కప్పు కింద పెట్టుకుంట. జాగ చూపిచ్చెతందుకు తీసుకపోయినోళ్లు మల్ల ఇల్లు చేరుడు ఆ నాలుగు నెలల్ల ఎవ్వరు చూడలే. పారిపోతుంటె కాల్చినం అని కాయితం మాత్రం వచ్చేది.

ఇంటికి నడుస్తుంటె యాదగిరి మనసుల లెక్క సక్కగనే ఉన్నది. లింగస్వామి ఎవరో. తను మొఖం గూడ ఎరుగడు. సైదులు తన చేతుల మీద పెరిగినోడు, అచ్చరాలు దిద్దిచ్చింది తనే. పిల్ల పుట్టబోతుంది. ఒకని పానం పోతె ఒకని పానం నిలుస్తది, తన తప్పు గూడ తుడుచుకపోతది. ఇంత సక్కటి లెక్క చేసుకున్నంక గూడ అడుగులు ఎందుకు పడ్తలేవో ఆయనకు తెల్వలే.

*

ఐతారం మాపటీలి కృష్ణయ్య సారు దగ్గరికి పోయిండు. సారు ఒక్కడే ఉన్నడు మిల్లుల, పాముల సీసాల్ల తగ్గిన స్పిరిటు నింపుకుంట. అరవై దాటినయి, చూపు సరిగ ఆనక సగం కిందనే పోతుంది. యాదగిరి అన్ని చెప్పిండు, మొదటి సోమారం కాడికెల్లి. దాసలే.

సారు సీసాకు మూత పెట్టి, చేతులు తుడుచుకొని, బల్ల మీద కూసున్నడు.

"రాయమంటున్నది అబద్ధమా?"

"కాదు సార్. అన్ని నిజమే. సైదులు వస్తడు. బొమ్మలు ఆడుతయి."

"అంతేనా?"

"అంతే సార్."

సారు వద్దంటడని, తిడ్తడని, పలక పీకేస్తడని, ఎన్ని తీర్లుగనో అనుకొని పోయిండు యాదగిరి. వద్దు అంటె సారు మీద ఏసి రాయకుండ ఉండొచ్చు, రాయి అంటె సారు మీద ఏసి రాయొచ్చు. రెండిట్ల ఏదన్న ఒకటి చేతిల పెడ్తడనే ఆశ.

"నిజం రాయమన్న," అన్నడు సారు చివరికి, గొంతు తగ్గిచ్చి. "ఎవడు సదువుతడో చూసుకోమని చెప్పలే. తొమ్మిదేండ్లల్ల ఒక్కనాడు నాకు ఆ సోయి రాలే. నీ తమ్ముణ్ణి పట్టిచ్చింది నువ్వొక్కనివే కాదు యాదగిరీ."

"మరి రేపు?"

సారు అద్దాలు తీసి అంగితోని తుడిచిండు, మల్ల పెట్టుకోలే. "నాకు తమ్ముడు లేడు. నేనెట్ల చెప్తనురా," అన్నడు.

యాదగిరికి మొదటిసారి ఆ ముసలాయన మీద జాలేసింది. ఎంటనే భయం గూడ ఏసింది. ఇగ అడిగెతందుకు పైన ఎవ్వరు లేరు.

*

సోమారం పొద్దు పొడిచినంక, యాదగిరి పలక కడిగి రాసిండు.

మ్యూజియం సిబ్బంది వార్తలు: అటెండరు సైదులు నేడు డ్యూటీలో చేరినాడు. కార్యక్రమములు: గురువారం సాయంత్రం దేవరకొండ దారిలోని గుట్ట కింది గూడెంలో దీపంబొమ్మల ప్రదర్శన. అందరూ రావలెను.

అచ్చరాలు ఎప్పటి లెక్కనే గుండ్రంగ వచ్చినయి. ఎనక్కి జరిగి నిలబడంగనే అంగడి బండ్లు ఆగుడు మొదలయింది. బీరప్ప అనే బండోడు గట్టిగ సదివిండు. సైదులు వచ్చిండట అనంగనే జనం మొఖాలు ఇప్పారినయి. బొమ్మల మాట ఇని, దేవరకొండ దిక్కు పోయే రెండు బండ్లు అంగడిల గూడ ఆగకుండ సాగినయి, మనోళ్లకు చెప్పాలె అనుకుంట.

కౌసల్య పుష్పమ్మను తోలుకొచ్చింది. ఇడిసిపెడ్తరట అని రాత్రి ఒక్క ముక్క చెప్తె చాలు, మూడొద్దుల సంది ముద్ద ముట్టని మనిషి లేసి గంజి తాగింది, తల దువ్వుకున్నది. గేటు కాడ రాతి మీద కూసోబెట్టిన్రు ఆమెను. అస్తమానం తోవ దిక్కే చూస్తుంది. యాదగిరి ఆమె మొఖం దిక్కు చూసిండు, సరే, ఇంత మాత్రం చాలు అనుకున్నడు. నిజంగనే అనుకున్నడు.

జీపు వచ్చింది. సైదులు దిగిండు, రెండు చేతులతోని జీపు తలుపు పట్టుకొని. మామూలు బట్టలేసుకొని మఫ్టీల ఉన్న ఇద్దరు జవాన్లు ఎన్క దిగి, బీడీలు ముట్టిచ్చుకొని తమకేం పట్టనట్టు నిలబడ్డరు. పుష్పమ్మ లేసి పోయింది. పదిమంది ఉన్నరని చూడలే, మొగని చెయ్యి పట్టుకున్నది. సైదులు నవ్విండు. పెదవి పగిలి ఉన్నది, నవ్వుతె నెత్తురు కనబడ్డది.

"తిన్నవా?" అని అడిగిండు పెండ్లాన్ని.

ఆమె తలూపింది. ఆయన ఆమె భుజం మీద చెయ్యేసి, ఒక్కో అడుగు ఏసుకుంట గేటు దాక వచ్చిండు. అన్నను చూసిండు. అన్న ఎన్క ఉన్న పలక చూసిండు.

సదివిండు. మల్లొకపారి సదివిండు. జనం ఆయన ఏమన్న అంటడేమోనని మూగిన్రు.

"దేవరకొండ బండ్లు ఏమన్న పోయినయా?" అని అడిగిండు.

రెండు పోయినయి, ఇంక చెరువు గూడ దాటకపోవచ్చు అన్నడు బీరప్ప.

సైదులు పెండ్లాం భుజం ఇడిసి, పలక కాడికి పోయి, భుజం మీది తువ్వాలతోని కార్యక్రమముల వరస మొత్తం తుడిసిండు. పైవరస ముట్టలే. తుడిసి, బీరప్ప దిక్కు తిరిగి అందరికి ఇనబడేటట్టు అన్నడు. "బేస్తారం బొమ్మలు లెవ్వు. పోయి ఆ బండ్లను ఆపి చెప్పు. ఎవ్వరు రావద్దని సైదులు అన్నడని చెప్పు."

బీరప్ప ఎడ్లను అదిలిచ్చిండు. మఫ్టీలోళ్ల చేతుల బీడీలు కిందపడ్డయి. ఒకడు బండి మీదికి ఉరికిండు, ఒకడు సైదులు మీదికి. సైదులు తప్పిచ్చుకోలే. ఈ జనం మీద చెయ్యేస్తరేమోనని, తనకు తానే నడిచి జీపు కాడికి పోయిండు. నడుస్తుంటె అన్న ముంగట ఒక్క గడియ ఆగిండు. మొఖంల కోపం లేదు. అదే యాదగిరిని చంపింది.

"అన్నా, నా ముచ్చట ఇగ పలక మీద రాయకు. రెండుపార్లు రాసినవు, చాలు."

జీపు పోయింది. బీరప్ప బండి ముందు పోయిందో, ఎంటబడ్డ జవాను ముందు పోయిండో, లేసిన దుమ్ముల ఎవ్వరికి కనబడలే. జనం ఒకరొకరే సర్దుకున్నరు. కౌసల్య వచ్చి పుష్పమ్మ జబ్బ పట్టుకున్నది, ఇంటికి పోదాం దా చెల్లె అనుకుంట. పుష్పమ్మ కదలలే. ఏడుస్తలేదు గూడ.

"బావా," అన్నది.

యాదగిరి తలెత్తిండు.

"నాకు సదువు రాదు. ఇయ్యాల ఏం రాసినవో బీరప్ప సదువంగ ఇన్న. మొదటిపారి ఏం రాసినవు?"

కౌసల్య నడుమ జొరబడి ఏదో అనబోయింది. యాదగిరి చెయ్యెత్తి ఆపిండు పెండ్లాన్ని.

"అటెండరు సైదులు నాలుగు రోజుల సెలవు మీద తిరుమలగిరిలోని అత్తగారింటికి పోయినాడు," అని చెప్పిండు, పలక మీద రాసింది రాసినట్టు. "ఆయన భార్యకు ఏడవ నెల. మా ఇంట్లో అందరికీ సంతోషం."

ఆఖరి ముక్క ఎవ్వరు రాయమనలే. ఆ దినం మనసు నిండి తనంతట తనే రాసుకున్నడు. అది గూడ దాసకుండ చెప్పిండు.

పుష్పమ్మ ఇన్నది. కౌసల్య చేతిలకెల్లి తన జబ్బ మెల్లగ ఇడిపిచ్చుకున్నది. కొంగు నడుముకు చుట్టుకొని, జీపు పోయిన తోవల నడుసుడు మొదలుపెట్టింది. క్యాంపు రెండు మైళ్లు. కౌసల్య ఆడనే కూలబడి, పోయి ఆపు, కడుపుతోని ఉన్నది, పోయి ఆపు అంటున్నది మొగన్ని. యాదగిరి పోయిండు. దగ్గరికి పోయే ధైర్యం లేక, పది అడుగుల దూరం ఉంచి ఎన్కనే నడిచిండు.

పుష్పమ్మ తిరిగి చూడలే.

"నా ఎన్క రాకు బావా," అన్నది. "బొమ్మలు లెవ్వన్న ఆయన మాట బీరప్ప కాకపోతె నేనన్న చేర్పియ్యాలె. నువ్వు వస్తె నేను యాడికి పోతున్ననో వాళ్లకు తెలుస్తది."

యాదగిరి నిలబడిపోయిండు. ఆమె క్యాంపు తోవ ఇడిసిపెట్టి, గుట్టల దిక్కు పోయే కాలిబాట పట్టింది.